టెస్టుల్లో లాగిన్‌ని ఎంతవరకు దాటేయొచ్చు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ళ కోసం ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నెల్లూరు జిల్లా కావలిలో కూర్చుని రొయ్యల చెరువుల లెక్కల కోసం జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వెబ్ అప్లికేషన్ రాస్తున్నావు. అల్లూరు, విడవలూరు వైపు రైతులు చెరువు వారీగా మేత, చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం), మందుల లెక్క రాసుకుంటారు. మేత డీలరు తన ఖాతా చూసుకుంటాడు. ల్యాబు వాళ్ళు రిపోర్టులు ఎక్కిస్తారు. కొనే ఏజెంటు పట్టుబడి అయ్యాక దాని తేదీ, కౌంటు చూస్తాడు. ఫోన్ యాప్‌కి విడిగా ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) ఉంది. కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో తనంతట తానే చూసే టెస్టులు రాశావు. ప్రతి టెస్టులోనూ యూజర్లను తయారుచేసి, లాగిన్ పేజీకి పాస్‌వర్డ్ పంపి, ఆ తర్వాత అసలు పేజీని పిలుస్తున్నావు. 180 టెస్టులకి ఆరు నిమిషాలు పడుతోంది. తొందరగా అవుతుందని బ్రౌజర్ పంపే రిక్వెస్ట్ లాంటిదాన్ని తయారుచేసి ఇచ్చే రిక్వెస్ట్ ఫ్యాక్టరీకి మారితే, రిక్వెస్ట్‌కి యూజర్ అనే ఆట్రిబ్యూటే లేదని ఎర్రర్ కొట్టింది. కొన్ని చోట్ల 403 వస్తుందనుకుంటే 302 వచ్చింది, ఏపీఐలో 401 వచ్చింది (ఇవి సర్వర్ ఇచ్చే జవాబు అంకెలు, అర్థాలు కింద చెప్తాను). "అన్నా, టెస్టులో దొంగ లాగిన్ చెయ్యడం తప్పా?" అని చివర్లో అడిగావు.

తప్పు కాదు. పదమూడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నేనూ ప్రతి టెస్టులో లాగిన్ పేజీ గుండా రాను. కానీ ఒక గీత గీసుకున్నాను. వచ్చింది ఎవరు అన్నది టెస్టులో నటించొచ్చు. వచ్చినవాడికి ఇక్కడ ఏం హక్కుంది అన్నది మాత్రం ఎప్పుడూ అసలు కోడే తేల్చాలి. ఆ గీత ఎక్కడ పడుతుందో పట్టుకుంటే నీ తలనొప్పుల్లో చాలా భాగం పోతుంది. పినాకిని రైల్లో చెన్నై నుంచి వస్తూ ఫోన్‌లో కొడుతున్నాను కాబట్టి కోడ్ ముక్కలు పెట్టట్లేదు, మాటల్లోనే చెప్తాను. పేర్లు పట్టుకుంటే డాక్యుమెంటేషన్‌లో దొరుకుతాయి.

ముందు ఆ ఆరు నిమిషాల సంగతి. నువ్వు డేటాబేస్‌ని అనుమానించావు కానీ, నాకు పాస్‌వర్డ్ మీదే అనుమానం. జాంగో పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచదు, పీబీకేడీఎఫ్2 అనే పద్ధతిలో లక్షల సార్లు తిప్పి దాస్తుంది. 4.2 వెర్షన్లో ఆ తిప్పుడు 6 లక్షలు, 5.0లో 7 లక్షల 20 వేలు, 5.2కి వచ్చేసరికి 10 లక్షలు. డేటా ఎత్తుకెళ్ళినవాడు ఒక్కో పాస్‌వర్డ్‌ని ఊహించి చూడాలంటే చచ్చేంత చాకిరీ చెయ్యాలని కావాలనే అంత నెమ్మదిగా పెట్టారు. ఆ చాకిరీ ఇప్పుడు నీ టెస్టులు చేస్తున్నాయి. యూజర్‌ని తయారుచేసేటప్పుడు ఒకసారి, లాగిన్‌లో సరిచూసేటప్పుడు ఇంకోసారి. టెస్టులో రైతు, డీలరు, ఏజెంటు ముగ్గురూ ఉన్నారంటే లాగిన్ దాకా పోకముందే మూడుసార్లు అయిపోయింది. జాంగో వెర్షన్ పెంచినప్పుడల్లా టెస్టులు ఇంకాస్త బరువెక్కుతున్నాయని కొందరు అంటుంటారు చూడు, దానికి ఇదొక కారణం.

దీనికి మూడు పనులు. టెస్టుల కోసం వేరే సెట్టింగ్స్ ఫైలు పెట్టుకుని, అందులో పాస్‌వర్డ్ హాషర్స్ జాబితాలో ఎండీ5 హాషర్ (చాలా తొందరగా అయిపోయే పాత పద్ధతి) ఒక్కటే ఉంచు. సర్వర్ మీద అది పనికిరాని సరుకు, కాబట్టి ఆ ఫైలు టెస్టుల గడప దాటకూడదు. రెండోది, యూజర్లని ప్రతి టెస్టుకీ ముందు నడిచే సెటప్‌లో కాకుండా సెటప్ టెస్ట్ డేటాలో తయారుచెయ్యి. అది క్లాసు మొత్తానికి ఒక్కసారే నడుస్తుంది, ఒక్కో టెస్టు చేసిన మార్పులు ఆ టెస్టు అయిపోగానే వెనక్కి పోతాయి. మూడోది ఫోర్స్ లాగిన్. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే చాలామంది దీన్ని వాడతారు గానీ లోపల ఏం జరుగుతుందో చూడరు.

మామూలు లాగిన్‌లో ఏం జరుగుతుంది? యూజర్ పేరు, పాస్‌వర్డ్ బ్యాకెండ్ అనే కోడ్ సరిచూస్తుంది. సరిపోతే సర్వర్ ఒక సెషన్ (వచ్చినవాడిని గుర్తుపెట్టుకునే చిట్టా) తెరిచి, అందులో ఆ యూజర్ నంబరు రాసుకుని, సెషన్ తాళంచెవిని కుకీలో పెట్టి బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రిక్వెస్ట్‌లోనూ మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్ దారిలో నడిచే కోడ్) ఆ కుకీ చూసి, సెషన్ తీసి, నంబరు పట్టుకుని యూజర్‌ని డేటాబేస్ నుంచి తెచ్చి రిక్వెస్ట్‌కి తగిలిస్తుంది. జాంగో 1.9 నుంచి ఉన్న ఫోర్స్ లాగిన్ ఇందులో మొదటి మెట్టు ఒక్కటే దాటేస్తుంది. సెషన్ నిజమైనదే, కుకీ నిజమైనదే, లాగిన్ అయినట్టు సిగ్నల్ కూడా పోతుంది. తర్వాత నువ్వు పంపే రిక్వెస్ట్ మిడిల్‌వేర్లన్నీ దాటుకునే వ్యూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) దగ్గరికి వస్తుంది. అంటే నటన గుమ్మం దగ్గర మొదలై అక్కడే అయిపోయింది, లోపలంతా అసలే. అందుకే నీ 180 టెస్టుల్లో 160కి పైగా దీనితోనే రాసుకోవచ్చు.

దీనికి కొన్ని తిక్కలున్నాయి. ఖాతా ఆపేసిన యూజర్‌ని కూడా ఫోర్స్ లాగిన్ అడ్డు చెప్పకుండా లోపలికి పంపుతుంది. కానీ తర్వాతి రిక్వెస్ట్‌లో మామూలు మోడల్ బ్యాకెండ్ ఆ యూజర్‌ని తెచ్చేటప్పుడు ఖాతా నడుస్తోందా లేదా అని చూస్తుంది, నడవకపోతే యూజర్ లేనట్టే లెక్క. కాబట్టి "లాగిన్ చేశాను, అయినా లాగిన్ పేజీకే పంపుతోంది, ఏందిది?" అని జుట్టు పీక్కునే ముందు ఆ యూజర్ యాక్టివ్‌గా ఉన్నాడో లేదో చూసుకో. ఇంకోటి, టెస్టు మధ్యలో పాస్‌వర్డ్ మారిస్తే ఆ సెషన్ చెల్లకుండా పోతుంది. అది బగ్ కాదు, పాస్‌వర్డ్ మారిస్తే పాత సెషన్లన్నీ ఊడిపోవాలని పెట్టిన కాపలా. మొబైల్ నంబర్‌తో లాగిన్ అయ్యే సొంత బ్యాకెండ్ రాశానన్నావు. బ్యాకెండ్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఫోర్స్ లాగిన్ వాటిలో మొదటిదాన్ని పట్టుకుంటుంది, నీకు కావలసింది వేరేదైతే పేరు చెప్పి ఇవ్వాలి.

ఇక రిక్వెస్ట్ ఫ్యాక్టరీ. అది రిక్వెస్ట్ వస్తువుని తయారుచేసి నీ చేతిలో పెడుతుంది, అంతే. మిడిల్‌వేర్లు ఒక్కటీ నడవవు. యూజర్‌ని తగిలించేది మిడిల్‌వేరే కాబట్టి, యూజర్ లేడనే ఎర్రర్ న్యాయమైనదే. నువ్వే చేత్తో తగిలించాలి, లాగిన్ కాని మనిషి కావాలంటే అనానిమస్ యూజర్‌ని కూడా నువ్వే పెట్టాలి. సెషన్, మెసేజ్‌లు వాడే వ్యూ అయితే అవీ నీ నెత్తినే. ఒక్క ఫంక్షన్‌ని విడిగా పట్టుకుని దాని లెక్కలు సరిచూడాలంటే, ఉదాహరణకి మేత ఖర్చు కిలోకి ఎంత పడిందో తేల్చే వ్యూ అయితే, ఇది హాయిగా ఉంటుంది. కానీ హక్కుల్ని పరీక్షించడానికి దీన్ని వాడొద్దు. జాంగో 5.1లో లాగిన్ రిక్వైర్డ్ మిడిల్‌వేర్ అని వచ్చింది. అది పెడితే అన్ని పేజీలకీ లాగిన్ తప్పనిసరి అవుతుంది, బహిరంగంగా ఉంచాల్సినవాటికి విడిగా గుర్తు పెట్టుకోవాలి. చాలా మంచి ఏర్పాటు. అయితే రిక్వెస్ట్ ఫ్యాక్టరీ దాన్ని చూడనే చూడదు. సర్వర్ మీద బందోబస్తుగా ఉన్న పేజీ టెస్టులో బార్లా తెరిచి కనిపిస్తుంది. ఎవరో ఆ మిడిల్‌వేర్‌ని సెట్టింగ్స్‌లోంచి పొరపాటున తీసేసినా ఆ టెస్టులకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఏపీఐ దగ్గర ఇంకో రకం గోతి ఉంది. నేను అందులో పడ్డాను కాబట్టి ఎంత లోతో తెలుసు. ఏపీఐలు రాయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏపీఐ క్లయింట్‌కి ఫోర్స్ ఆథెంటికేట్ అని ఒకటుంది. పేరు ఫోర్స్ లాగిన్‌కి చుట్టంలా ఉంటుంది గానీ పని వేరు. ఇది సెషన్ తెరవదు, కుకీ ఇవ్వదు. టోకెన్ (పాస్‌వర్డ్ బదులు యాప్ పంపే గుర్తింపు చీటీ) సరిచూసే క్లాసుల్నే పూర్తిగా పక్కకి నెట్టి, రిక్వెస్ట్‌లో యూజర్‌ని నేరుగా కూర్చోబెడుతుంది. కొన్నేళ్ళ కింద ఒక చిన్న కంపెనీకి ఏపీఐ రాశాను. టెస్టులన్నీ ఫోర్స్ ఆథెంటికేట్‌తోనే. అన్నీ పచ్చగా, అంటే పాస్ అయ్యి, ఉన్నాయి. ఫోన్ యాప్ రాసినతను రిక్వెస్ట్‌తో పాటు పోయే ఆథరైజేషన్ హెడర్‌లో బేరర్ అని రాసి పక్కన టోకెన్ పెట్టాడు, అది చాలా చోట్ల వాడుకే. రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో మామూలుగా వచ్చే టోకెన్ ఆథెంటికేషన్ మాత్రం ఆ చోట టోకెన్ అనే మాట కోసం చూస్తుంది. బేరర్ కనిపిస్తే ఇది నాకు సంబంధించింది కాదులే అని వదిలేస్తుంది. యాప్ జనం చేతికి వెళ్ళిన రోజు అన్నింటికీ 401. పొద్దున ఆరింటికి ఫోన్, "సార్, ఎవరికీ తెరుచుకోవట్లేదు" అని. నా టెస్టులు మాత్రం అప్పటికీ పచ్చగానే ఉన్నాయి. తప్పు ఆ కుర్రాడిది కాదు, నాదే. హెడర్ అనేదాన్ని నా టెస్టులు ఒక్కసారి కూడా తాకలేదు.

అప్పటినుంచి నేను చేసేది ఇది. లెక్కలు, ఫారాల సరిచూపు లాంటి టెస్టులకి ఫోర్స్ ఆథెంటికేట్ సరిపోతుంది. దానికి తోడు ఒక చిన్న ఫైలులో, క్రెడెన్షియల్స్ అనే పద్ధతితో ఫోన్ ఎలా పంపుతుందో అక్షరం పొల్లుపోకుండా అలాగే హెడర్ పెట్టి నాలుగైదు టెస్టులు రాస్తాను. సరైన టోకెన్, లేని టోకెన్, చెరిపేసిన టోకెన్, ఖాతా ఆపేసిన యూజర్ టోకెన్, హెడర్‌లో ముందుమాట తప్పుగా ఉన్నది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫోర్స్ ఆథెంటికేట్ ఒకసారి పెడితే ఆ క్లయింట్‌కి అలాగే అంటుకుని ఉంటుంది, యూజర్ చోట నన్ (None) ఇచ్చి విడిపించాలి. ఒకే టెస్టులో రైతునీ డీలరునీ మార్చి మార్చి పిలిచేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో క్లయింట్ పెట్టుకోవడమే సుఖం.

జేడబ్ల్యూటీ (సంతకం చేసిన టోకెన్) వాడేవాళ్ళకి ఒక మాట. టోకెన్ సరిచూసే ఫంక్షన్‌ని మాక్ చేసి (దాని బదులు ఉత్తుత్తిది పెట్టి) "అన్నీ సరే" అనిపించేస్తుంటారు, అది నాకు నచ్చదు. టెస్టుల కోసం వేరే తాళంచెవి పెట్టుకుని, దానితో నువ్వే టోకెన్లు సంతకం చేసుకో. సరిచూసే కోడ్ అసలుదే నడవనీ. గడువు తీరిన టోకెన్ ఒకటి, వేరే చెవితో సంతకం చేసిందొకటి, సంతకమే లేనిదొకటి చేసి పంపు. మూడూ వెనక్కి రావాలి. గడువు కోసం టెస్టులో కూర్చుని నిద్రపోనక్కర్లేదు, గడియారాన్ని ఆపి ముందుకి జరిపే లైబ్రరీలు పైథాన్‌లో ఉన్నాయి. ఫ్రీజ్‌గన్ వాటిలో పాతకాపు.

302, 401, 403 గోల ఇప్పుడు తేలిగ్గా తేలుతుంది. 401 అంటే నువ్వెవరో నాకు తెలియదు, గుర్తింపు చూపించు అని. 403 అంటే నువ్వెవరో తెలిసినా తెలియకపోయినా ఈ పని నీకు కుదరదు అని. బ్రౌజర్ పేజీల్లో 401 మొహాన కొడితే జనానికి అర్థం కాదు కాబట్టి జాంగో లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది, అదే నీకొచ్చిన 302. కాబట్టి లాగిన్ కానివాడికి వెబ్ పేజీలో 302 రావడమే సరైంది. అయితే 302 వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తే చాలదు, ఎక్కడికి మళ్ళించిందో కూడా చూడాలి. ఫారం సరిగ్గా సేవ్ అయినా 302 వస్తుంది, లాగిన్ కాకపోయినా 302 వస్తుంది. మేత ఎంట్రీ పోస్ట్ చేసే టెస్టులో 302 చూసి పాస్ అనుకున్నావు, తీరా అది లాగిన్ పేజీకి పోయింది, డేటాబేస్‌లో ఒక్క వరుసా పడలేదు. అసర్ట్ రీడైరెక్ట్స్ వాడు, పక్కనే వరుస పడిందో లేదో లెక్కపెట్టు. ఏపీఐలో 401 వస్తుందా 403 వస్తుందా అన్నది ఆథెంటికేషన్ క్లాసుల జాబితాలో మొదటిది ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. టోకెన్ ముందుంటే 401, సెషన్ ముందుంటే 403. ఆ జాబితాలో ఎవరైనా వరుస మార్చితే టెస్టులు విరుగుతాయి, విరగాలి కూడా, ఎందుకంటే 401 చూసి లాగిన్ తెర చూపించే ఫోన్ యాప్ 403 చూస్తే బిక్కమొహం వేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది వేగం గురించీ పనిముట్ల గురించీ. నువ్వు అడగని సంగతి ఒకటుంది, నాకు అసలు భయం దాని గురించే. నువ్వు పెట్టిన టెస్టు నమూనాలో యూజర్‌ని సూపర్ యూజర్‌గా తయారుచేశావు. "పర్మిషన్ల గొడవ లేకుండా" అని పక్కన కామెంట్ కూడా రాశావు. ఆ కామెంట్ చూసి నవ్వొచ్చింది, తర్వాత నా పాత రోజులు గుర్తొచ్చి నవ్వు పోయింది.

సూపర్ యూజర్‌ని ఏ పర్మిషన్ గురించి అడిగినా జాంగో ఉందనే చెప్తుంది. అంటే హక్కుల కోడ్ మొత్తం చెరిపేసినా నీ 180 టెస్టులూ పాస్ అవుతాయి. నేను పైన చెప్పిన గీత దాటడమంటే ఇదే. నువ్వు ఎవరన్నది నటించడంతో ఆగలేదు, హక్కుని కూడా నటించావు. ఇదే తప్పు నేను ఒక డీలర్ల ఖాతా పుస్తకం లాంటి అప్లికేషన్‌లో చేశాను. ఒక డీలరు యూఆర్ఎల్‌లో చివరి అంకె మార్చి చూశాడు, పక్క డీలరు బాకీలన్నీ కనిపించాయి. వాడు మంచివాడు కాబట్టి ఫోన్ చేసి చెప్పాడు. వ్యూలో లాగిన్ అయ్యాడా లేదా అని చూశాను, ఈ ఖాతా వాడిదా కాదా అని చూడలేదు. టెస్టులన్నీ ఒకే ఒక్క మహారాజు యూజర్‌తో నడిచాయి కాబట్టి పట్టుబడే ప్రసక్తే లేదు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదులే. ఓవాస్ప్ అనే సంస్థ వాళ్ళు వెబ్ భద్రతలో ముఖ్యమైన పది లోపాల జాబితా వేస్తుంటారు. ఇలాంటి హక్కుల లోపాలు 2017 జాబితాలో ఐదో చోట ఉండేవి, 2021 జాబితాలో మొదటికి ఎక్కాయి.

నీ అప్లికేషన్‌లో దీని బరువెంతో నీకు తెలుసు, అయినా చెప్తాను. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, ధర దాన్ని బట్టే. ఒక రైతు చెరువులో ఈ వారం కౌంటు ఎంత, పట్టుబడి ఎప్పుడు పెట్టుకున్నాడు అన్నది పట్టుబడికి ముందే ఏజెంటుకి తెలిస్తే బేరంలో రైతు చెయ్యి కిందికి పోతుంది. ల్యాబు రిపోర్టులో వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే తెల్లమచ్చల జబ్బు) అని పడిందనుకో, ఆ రైతు ఆ రాత్రికే పట్టేయాలా వద్దా అని టెన్షన్‌లో ఉంటాడు. ఆ రిపోర్టు కొనేవాడి ఫోన్‌లో కనిపిస్తే రేటు ఎంత చెప్తాడో ఊహించుకో. అంకె మార్చితే పక్క చెరువు తెరుచుకునే అప్లికేషన్‌ని ఇస్కపల్లిలో ఒక్క రైతు గమనించినా చాలు, వారం తిరిగేలోపు కోస్తా పొడవునా ఎవరూ దాన్ని ఫోన్‌లో ఉంచుకోరు.

కాబట్టి టెస్టు మనుషుల్ని ఇలా పెట్టుకో. అల్లూరు రైతు ఒకడు, విడవలూరు రైతు ఒకడు, ఇద్దరికీ చెరో చెరువు. రైతులు ఇద్దరుండటమే ఇందులో కీలకం, ఒక్కడే ఉంటే "పక్కవాడిది" అనే ప్రశ్నే పుట్టదు. అల్లూరు రైతుకి మేత ఇచ్చే డీలరు, ఇద్దరితోనూ సంబంధం లేని ఇంకో డీలరు. ల్యాబు మనిషి. ఏజెంటు. ఖాతా ఆపేసిన పాత గుమస్తా. లాగిన్ కాని బాటసారి. వీళ్ళెవరూ సూపర్ యూజర్ కాదు. అడ్మిన్ పేజీల టెస్టులకి తప్ప సూపర్ యూజర్‌ని టెస్టుల్లోకి రానివ్వకు. టెస్టుల్లో పేర్లు కూడా అలాగే పెట్టు. యూజర్1, యూజర్2 అని రాస్తే ఆరు నెలల తర్వాత ఎవరు ఎవరో నీకే గుర్తుండదు. అల్లూరు రైతు, విడవలూరు చెరువు అని రాస్తే టెస్టు విరిగిన రోజు పేరు చదవగానే కథ అర్థమవుతుంది.

తర్వాత ప్రతి సున్నితమైన పేజీకీ ఈ మనుషులందరినీ ఒక్కొక్కరుగా పంపు. సబ్ టెస్ట్ వాడి ఒక లూప్ తిప్పితే పేజీకి పది వరుసలు దాటదు. చూడటానికే కాదు, మార్చడానికీ చెరపడానికీ కూడా పంపు. గెట్‌కి కాపలా పెట్టి డిలీట్‌కి మర్చిపోయిన కోడ్ నేను లెక్కలేనంత చూశాను. తిరస్కరించిన తర్వాత డేటాబేస్ తెరిచి ఏమీ మారలేదని కూడా నిర్ధారించుకో. ముందు సేవ్ చేసేసి తర్వాత 403 ఇచ్చే వ్యూ కూడా ఒకటి తగిలింది నాకు, నమ్ముతావో లేదో.

పక్కవాడి చెరువు అడిగితే 403 ఇవ్వాలా 404 ఇవ్వాలా అని పంతాలుంటాయి. నేను 404 మనిషిని. 403 అంటే "ఉంది గానీ నీకు చూపించను" అని ఒప్పుకున్నట్టు. అంకెలు మార్చుకుంటూ పోతే ఎన్ని చెరువులున్నాయో లెక్క తేలిపోతుంది. పైగా డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చే క్వెరీసెట్‌నే యూజర్ చెరువులకి కుదించి, అందులోంచి వెతికితే 404 దానంతటదే వస్తుంది, మళ్ళీ విడిగా ఇఫ్ పెట్టే పని లేదు, మర్చిపోయే అవకాశం తక్కువ.

ఇక్కడే ఒక చిన్న చిక్కు, గంటలు తినేది. జాంగో ఒక యూజర్ వస్తువుకి పర్మిషన్లను ఒకసారి తెచ్చాక దానిలోనే దాచుకుంటుంది. టెస్టులో పర్మిషన్ లేకుండా ఒకసారి పిలిచి, తర్వాత పర్మిషన్ ఇచ్చి మళ్ళీ పిలిస్తే, ఇంకా లేదనే అంటుంది. ఫోర్స్ లాగిన్‌లో ఈ బాధ లేదు, రిక్వెస్ట్ రిక్వెస్ట్‌కీ యూజర్ కొత్తగా వస్తాడు. రిక్వెస్ట్ ఫ్యాక్టరీలోనూ ఫోర్స్ ఆథెంటికేట్‌లోనూ నువ్విచ్చిన వస్తువే లోపలికి పోతుంది కాబట్టి అక్కడ కరుస్తుంది. పర్మిషన్ ఇచ్చాక యూజర్‌ని డేటాబేస్ నుంచి కొత్తగా తెచ్చుకో.

ఇంకో టెస్టు తప్పకుండా రాయి, ఒక్కటే చాలు. నీ ప్రాజెక్టులో ఉన్న యూఆర్ఎల్‌లన్నింటినీ కోడే ఏరి, లాగిన్ కాని క్లయింట్‌తో ఒక్కొక్కదాన్నీ పిలవాలి. లాగిన్, పాస్‌వర్డ్ మర్చిపోయారా, మొదటి పేజీ లాంటి బహిరంగమైనవి ఒక జాబితాలో చేత్తో రాసుకో. ఆ జాబితాలో లేని పేజీ ఏదైనా 200 ఇచ్చిందంటే టెస్టు పడిపోవాలి. రేపు ఎవరైనా కొత్త పేజీ రాసి కాపలా మర్చిపోతే, వాడు టెస్టు రాయకపోయినా ఇది పట్టుకుంటుంది.

గుమ్మాన్ని కూడా పరీక్షించాలి కదా, అంటావు. అవును, కానీ గుమ్మానికి ఒక ఫైలు చాలు, అందులో నటన ఏదీ వద్దు. సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, ఆపేసిన ఖాతా. లాగిన్ తర్వాత ఎక్కడికి పోవాలో చెప్పే నెక్స్ట్‌లో బయటి సైటు చిరునామా ఇస్తే అక్కడికి మళ్ళించకూడదు. లాగిన్ అయ్యాక సెషన్ తాళంచెవి మారాలి. లాగౌట్ అయ్యాక పాత కుకీతో వస్తే లోపలికి రానివ్వకూడదు. లాగౌట్ గెట్‌తో పిలిస్తే జాంగో 5.0 నుంచి కుదరదు, పోస్టే చెయ్యాలి, పాత టెస్టులు తెచ్చుకున్నావేమో చూడు. జాంగో టెస్ట్ క్లయింట్ సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైటు నుంచి దొంగ ఫారం రాకుండా ఆపే) సరిచూపుని మామూలుగా ఆపేసి ఉంచుతుంది. ఎన్‌ఫోర్స్ సీఎస్ఆర్ఎఫ్ చెక్స్ అని ట్రూ పెట్టి క్లయింట్‌ని తయారుచేసి, టోకెన్ లేకుండా ఒక పోస్ట్ పంపి 403 వస్తోందో లేదో చూసుకో. తప్పు పాస్‌వర్డ్‌లు లెక్కపెట్టే జాంగో యాక్సెస్ (django-axes) లాంటిది పెట్టుకుంటే క్లయింట్ లాగిన్ పద్ధతి అక్కడ ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే దానికి రిక్వెస్ట్ కావాలి, ఆ పద్ధతి రిక్వెస్ట్ ఇవ్వదు. ఈ ఫైలులో మాత్రం లాగిన్ పేజీకే నేరుగా పోస్ట్ చెయ్యి.

రైతులకి పాస్‌వర్డ్‌లు గుర్తుండవు కాబట్టి ఓటీపీ పెట్టబోతున్నానన్నావు. మంచి పని, కానీ అక్కడ అందరూ చేసే దొంగపని ఒకటుంది. టెస్టు కోసం ఆరు సున్నాలు కొడితే ఎప్పుడూ లోపలికి పోయేలా కోడ్‌లో ఒక ఇఫ్ పెడతారు. తర్వాత తీసేద్దామనుకుంటారు, తీయరు. ఆ ఇఫ్ సర్వర్ ఎక్కిన రోజు ఎవరి ఫోన్ నంబరు తెలిస్తే వాళ్ళ చెరువు తెరుచుకుంటుంది. టెస్టింగ్ మోడ్‌లో లాగిన్ వదిలెయ్ అని మిడిల్‌వేర్‌లో రాయడమూ ఇదే బాపతు. టెస్టుల సౌకర్యం కోసం అసలు కోడ్‌లో దొడ్డిదారి తవ్వొద్దు. దాటవేత ఏదైనా టెస్టుల వైపే ఉండాలి. ఎస్ఎంఎస్ పంపే ముక్కని విడిగా ఒక క్లాసులో పెట్టు, టెస్టులో దాని బదులు పంపిన మెసేజ్‌లని ఒక జాబితాలో దాచుకునే ఉత్తుత్తి క్లాసు పెట్టు. ఓటీపీ అందులోంచి చదివి పంపు. గడువు తీరిన ఓటీపీ, వాడేసిన ఓటీపీ, వేరే నంబరుకి వచ్చిన ఓటీపీ, వరసగా తప్పు కొట్టినప్పుడు ఆగిపోవడం, ఈ నాలుగూ చూస్తే ఓటీపీ టెస్టుల్లో ముఖ్యమైనవి అయిపోయినట్టే.

కింద కామెంట్లలో ఇంకొకరు వేరే ఫ్రేమ్‌వర్క్‌ల సంగతి అడిగారు. గీత అదే, పేర్లే వేరు. లారావెల్‌లో యాక్టింగ్ యాజ్, రైల్స్‌లో డివైజ్ ఇచ్చే సైన్ ఇన్ సహాయకం. స్ప్రింగ్‌లో విత్ మాక్ యూజర్ ఉంది, ఏమీ చెప్పకపోతే యూజర్ అనే పేరుతో యూజర్ పాత్రతో ఒక మనిషిని పుట్టిస్తుంది, ఆ మనిషి నీ డేటాబేస్‌లో ఉండడని గుర్తుపెట్టుకోవాలి. ఫాస్ట్ ఏపీఐలో డిపెండెన్సీ ఓవర్‌రైడ్స్‌తో యూజర్‌ని మార్చేస్తారు, టెస్టు అయ్యాక దాన్ని ఖాళీ చెయ్యకపోతే తర్వాతి టెస్టుకి కూడా ఆ మనిషే అంటుకుంటాడు. ప్లేరైట్‌తో బ్రౌజర్ టెస్టులు రాసేవాళ్ళు ఒకసారి లాగిన్ అయ్యి ఆ స్థితిని ఫైలులో దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. ఆ ఫైలులో బతికున్న కుకీలుంటాయి, గిట్‌లోకి ఎక్కించొద్దు.

నీ దగ్గర ఉన్నవాటిలో ఈ రాత్రికి మొదలుపెట్టాల్సింది హాషర్ మార్చడం కాదు, అది పది నిమిషాల పని, ఎప్పుడైనా చేసుకోవచ్చు. ముందు టెస్టుల్లో సూపర్ యూజర్ అని ఉన్న ప్రతి చోటా అల్లూరు రైతుని పెట్టి నడిపించు. చాలా ఎర్రబడతాయి. కంగారుపడి పర్మిషన్లు పంచిపెట్టేయకు, ఒక్కొక్కటి తీసుకుని ఈ పేజీ అసలు రైతుకి తెరుచుకోవాలా వద్దా అని ఆలోచించు. కొన్ని చోట్ల టెస్టు మార్చాల్సి వస్తుంది, కొన్ని చోట్ల కోడ్ మార్చాల్సి వస్తుంది. అన్నీ పచ్చబడ్డాక విడవలూరు రైతుతో అల్లూరు చెరువు తెరిచి చూడు, ఏం వచ్చిందో ఇక్కడే రాయి. ఫోన్ యాప్ రాస్తున్న మీ ఫ్రెండ్‌ని హెడర్‌లో బేరర్ అని పంపుతున్నాడో, టోకెన్ అని పంపుతున్నాడో ఇప్పుడే అడుగు.